అమెరికా అడవి పందులు, వేట వివాదం: అపోహలు - వాస్తవాలు

2019 ఆగస్టు మొదటి వారంలో, ఎల్ పాసో, డేటన్ నగరాల్లో జరిగిన కాల్పుల తరువాత తుపాకుల నియంత్రణపై అమెరికా అంతటా వాదోపవాదాలు సాగుతున్నప్పుడు, దక్షిణాది రాష్ట్రమైన ఆర్కాన్సాకు చెందిన ఒక వ్యక్తి ట్విటర్‌లో అడిగిన ప్రశ్న కొద్ది గంటల్లోనే దేశమంతటా నవ్వులపాలైంది. వేగంగా కాల్చే రైఫిళ్లు వద్దంటే, పిల్లలు ఆడుకుంటుండగా మూడు నుంచి ఐదు నిమిషాల్లో పెరట్లోకి దూసుకొచ్చే 30 నుంచి 50 అడవి పందులను తానెలా చంపాలన్నది ఆ ప్రశ్న. దక్షిణాది పల్లెవాళ్లకు తుపాకీ పిచ్చి అని ఒక పక్షం ఎగతాళి చేసింది. పొలం గట్టు ఎక్కని నగరవాసులకు ఏం తెలుసని రెండో పక్షం ఎదురు తిరిగింది. ఆ వారమంతా ఇరుపక్షాలూ మనుషుల స్వభావం గురించే మాట్లాడాయి. పంది ఎలా బతుకుతుందో, ఎందుకు పెరుగుతోందో ఆరా తీసినవారు తక్కువ. టెక్సాస్‌లో అడవి పందుల నష్ట నివారణ పనిలో ఉన్న నన్ను ఇక్కడ స్థిరపడిన తెలుగువారు అడిగే ప్రశ్నల్లోనూ ఆ మాటలే వినిపిస్తుంటాయి కనుక, తరచుగా ఎదురయ్యే కొన్ని అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: 30 నుంచి 50 పందులు అన్నది తుపాకీ ఉంచుకోవడం కోసం చెప్పిన అతిశయోక్తి.

వాస్తవం: సంఖ్యలో అతిశయోక్తి ఏమీ లేదు. తల్లి పందులు, వాటి ఆడపిల్లలు, ఇంకా పాలు మరవని కూనలు కలిసి ఒక మందగా తిరుగుతాయి. ఎదిగిన మగ పందులు మాత్రం ఎక్కువగా ఒంటరిగా బతుకుతాయి. ఒక్కో మంద చిన్నదే కావచ్చు కానీ, మొక్కజొన్న చేను, జింకల కోసం వేలాడదీసిన దాణా డబ్బా, రాలిన ఓక్ కాయలు ఉన్నచోటికి రెండు మూడు మందలు ఒకే రాత్రి చేరడం మా పనిలో ఉన్నవారెవరికీ వింత కాదు. ట్విటర్‌లో ఆ ప్రశ్న వేసిన వ్యక్తి పొరబడింది పరిష్కారం విషయంలో. మొదటి తూటా పేలగానే మంద నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది, ఎంత వేగంగా కాల్చే రైఫిలైనా రెండో మూడో పడతాయి, తప్పించుకున్నవి ఆ చోటును గుర్తుపెట్టుకుని తరువాత చీకటి బాగా ముదిరాక గానీ రావు. ఇక మనుషుల మీద దాడుల సంగతికి వస్తే, అవి చాలా అరుదు. 2019 నవంబరులో టెక్సాస్‌లోని అనహువాక్ సమీపంలో తెల్లవారకముందే పనికి వచ్చిన ఒక మహిళను అడవి పందులు చంపిన ఘటన నిజమే. అది అంతగా వార్తలకెక్కడానికి కారణం కూడా ఆ అరుదైన తీరే.

అపోహ: ఇది దక్షిణాది వాళ్లు తెచ్చిపెట్టుకున్న సమస్య.

వాస్తవం: ఈ ఖండానికి పంది స్థానిక జంతువు కాదు. 1539లో హెర్నాండో డి సోటో ఫ్లోరిడాలో దిగినప్పుడు స్పానిష్ దండుతో పాటు ఆహారం కోసం పెంపుడు పందులు కూడా దిగాయి. ఆ తరువాత వలసదారులు శతాబ్దాల పాటు పందులను అడవిలోకి తోలి మేపుకున్నారు కనుక, పట్టుబడనివి అక్కడే అడవిపాలయ్యాయి. ఇంతవరకు దక్షిణాది పాత్ర ఉంది, కాదనలేం.

అయితే యూరప్ అడవి పందిని ప్రత్యేకంగా వేట సరదా కోసం ఓడలకెక్కించి తెచ్చినవారు ఎవరు? 1890ల్లో న్యూహ్యాంప్‌షైర్‌లో తన సొంత వేట వనంలోకి వాటిని దింపిన ఆస్టిన్ కార్బిన్ ఉత్తరాది బ్యాంకరు, రైలు మార్గాల యజమాని. 1912లో నార్త్ కరొలైనా కొండల్లోని హూపర్ బాల్డ్ మీద కంచె కట్టి పందులను వదిలిన జార్జ్ గోర్డన్ మూర్ సంపన్న పెట్టుబడిదారుల మనిషి. ఆ కంచె దాటిన పందుల సంతతే గ్రేట్ స్మోకీ పర్వతాలకు పాకింది. అదే మూర్ 1920ల్లో కొన్నింటిని కాలిఫోర్నియాలోని కార్మెల్ లోయకు తరలించాడు. ఈ రోజు కాలిఫోర్నియాలో పంది లేని కౌంటీలు (మన జిల్లాల వంటివి) వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కెనడా పచ్చిక మైదానాల్లో, సస్కచెవాన్ నుంచి మానిటోబా దాకా, ఫారాల నుంచి తప్పించుకున్న పందులు మంచులో బతకడం నేర్చుకున్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం కనీసం 35 రాష్ట్రాల్లో ఇవి ఉన్నాయి, మొత్తం సంఖ్య 60 లక్షలు దాటుతుంది. వంకర టోపీ పెట్టుకున్న పల్లెటూరి వేటగాడి బొమ్మ పక్కన కార్బిన్, మూర్‌ల బొమ్మలు కూడా గీస్తే గానీ ఈ కథకు న్యాయం జరగదు.

అపోహ: వేటగాళ్లను స్వేచ్ఛగా వదిలేస్తే పందులు వాటంతటవే తగ్గిపోతాయి.

వాస్తవం: మా రంగంలో అసలైన తగవు ఇదే. పైకి చూస్తే ఈ మాటలో తర్కం ఉంది: పందులు ఎక్కువ, తుపాకులున్నవారూ ఎక్కువ, మరి అడ్డు ఎందుకు? కానీ ఆడ పంది ఏడాది తిరగకుండానే ఈనగలదు, చూలు నాలుగు నెలల లోపే, ఈతకు సగటున ఐదారు కూనలు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధకుల అంచనా ప్రకారం ఈ రాష్ట్రంలో సంఖ్య పెరగకుండా ఆపడానికే ఏటా సుమారు 66 శాతం పందులను తొలగించాలి. వేట, బోన్లు, హెలికాప్టర్లు అన్నీ కలిపి తొలగిస్తున్నవి 29 శాతం దగ్గరే ఉన్నాయని వారు 2012లో లెక్కగట్టారు. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని వారాంతపు వేట పూడ్చలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, పందికి వేట విలువ వచ్చిన చోటల్లా దాన్ని లారీ ఎక్కించి కొత్త చోట వదిలేవాళ్లు పుడతారు. టెనెసీ అనుభవం దీనికి సాక్ష్యం. 1999 దాకా అక్కడ పందులు తూర్పున పదిహేను కౌంటీల పరిధిలో ఉండేవి. సంఖ్య తగ్గించాలనే మంచి ఉద్దేశంతోనే ఆ ఏడాది రాష్ట్రమంతటా పరిమితి లేని వేట సీజన్ తెరిచారు. 2011 నాటికి 95 కౌంటీల్లో దాదాపు 80 కౌంటీలకు పందులు చేరాయి. ఒకదానికొకటి సంబంధం లేని చోట్ల, మధ్యలో ఖాళీలతో, గుంపులు గుంపులుగా తేలడాన్ని బట్టి అవి నడిచి రాలేదని, తమ ఊరి దగ్గరే వేట కావాలనుకున్నవారు తెచ్చి వదిలారని ఆ రాష్ట్ర వన్యప్రాణి సంస్థే తేల్చి, 2011లో సీజన్ ఎత్తేసి నియమాలు బిగించింది.

కాన్సాస్ దీనికి ఎదురు దారి పట్టింది. 2006లోనే పందుల సరదా వేటను చట్టంతో నిషేధించి, బోన్ల పనినీ గగనతలం నుంచి కాల్చే పనినీ ప్రభుత్వ బృందాలకు అప్పగించింది. దక్షిణాన ఓక్లహోమాను ఆనుకునే ఉన్నా అక్కడ పందులు అదుపులోనే ఉన్నాయి. కాన్సాస్ మొదట్లోనే మేలుకుంది, అప్పటికి అక్కడున్న పందులు తక్కువ అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాన్సాస్ రైతు చేతిలోనూ తుపాకీ ఉంది, టెనెసీ రైతు చేతిలోనూ ఉంది. తేడా తెచ్చింది చట్టమే గాని మనుషుల గుణం కాదని నేను ఎవరితోనైనా వాదిస్తాను. మిస్సోరీ 2016లో తన సంరక్షణ భూముల్లో పందుల వేటను నిషేధించినప్పుడు, 2019 చివర మార్క్ ట్వెయిన్ జాతీయ అటవీ ప్రాంతానికీ అలాంటి ఉత్తర్వే వచ్చినప్పుడు, ఓజార్క్ కొండల జనం ‘మా హక్కు లాక్కున్నారు’ అని సభల్లో గొంతెత్తారు. వారి కోపం నాకు అర్థమవుతుంది. తరతరాలుగా కుక్కలతో వేటాడిన అడవిలో వేటను మానుకోమని ఎక్కడి నుంచో వచ్చిన అధికారి చెబితే ఎవరికైనా మండుతుంది.

అధికారులు ఆ మాట ఎందుకు అంటున్నారో తెలియాలంటే బోను పని చూడాలి. ముందు పందులు తిరిగే దారి పట్టుకుని మొక్కజొన్న చల్లి, కెమెరా బిగించి, మంద మొత్తం ఎన్నో లెక్క తేల్చుకుంటాం. తరువాత చుట్టూ ఇనుప కంచె పలకలు నిలిపి, తలుపు తెరిచే ఉంచి, లోపల మేత వేస్తూ పోతాం. కూనలు మొదటి రాత్రే దూరిపోతాయి. ముసలి తల్లి పంది ఒకటి మాత్రం వాకిట్లోనే నిలబడి, ముట్టె ఎత్తి గాలి పీలుస్తూ, ముందు కాలు గడప దాటించి మళ్లీ వెనక్కి తీసుకుంటూ ఉంటుంది. అది లోపలికి వచ్చేదాకా తలుపు వేయం. అది మిగిలిపోతే మరుసటి ఏడాది మళ్లీ మంద తయారవుతుంది, పైగా బోను దరిదాపులకు రాదు. ఇన్నాళ్ల ఓపిక ఫలించే రాత్రికి ముందు ఎవరో సరదాగా వచ్చి రెండు తూటాలు పేల్చి పోతే, మంద చెదిరి పక్క లోయలో తేలుతుంది, పని మొదటికొస్తుంది. వేట మీద మరో అభ్యంతరం ఇదే.

అపోహ: టెక్సాస్ వాళ్లకు పందులు పోవడం ఇష్టం లేదు.

వాస్తవం: టెక్సాస్ అంతా ఒకే మనసుతో లేదు. 254 కౌంటీల్లో దాదాపు అన్నింటిలో పందులున్నాయి, భూమిలో 95 శాతం దాకా ప్రైవేటుది. వేరుశనగ, వరి, మొక్కజొన్న వేసే రైతు, నాటిన రాత్రే పందులు సాలు వెంట సాలు తవ్వుకుంటూ విత్తనం ఒక్కొక్కటే తినేస్తే, తెల్లారి మళ్లీ నాటుకోవాలి. అదే భూమి యజమాని నగరంలో ఉండి వేట హక్కును వేరొకరికి కౌలుకిస్తే ఆయనకు పంది ఒక ఆదాయం. నష్టం ఒకరిది, రాబడి మరొకరిది. డబ్బు కట్టి హెలికాప్టర్ నుంచి పందులను కాల్చే వీలు కల్పించిన 2011 చట్టం, భూ యజమాని అనుమతి ఉంటే వేట లైసెన్సు అక్కర్లేదన్న 2019 చట్టం రైతు బాధ చూసే వచ్చాయి. వాటి చుట్టూ పెరిగిన వ్యాపారం మాత్రం పందులు ఉంటేనే సాగుతుంది. కాన్సాస్ తరహా నిషేధం ఇక్కడ ఇప్పుడు పెట్టినా పనిచేస్తుందని నేను అనుకోను; ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మంద మొత్తాన్ని పట్టే బోన్లను ఇరుగుపొరుగు రైతులు కలిసి నడుపుకోవడమే ఇక్కడ ఫలితమిస్తోంది.

అపోహ: విషం పెడితే ఒక్క ఏడాదిలో తీరిపోతుంది, పర్యావరణవాదులే అడ్డు.

వాస్తవం: 2017 ఫిబ్రవరిలో టెక్సాస్ వ్యవసాయ కమిషనర్ సిడ్ మిల్లర్ వార్ఫరిన్ అనే విషం కలిపిన ఎరకు అనుమతి తెచ్చినప్పుడు అందరికంటే గట్టిగా అడ్డుపడినవారిలో వేటగాళ్లు, అడవి పంది మాంసం వ్యాపారులు ఉన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో తయారీదారు వెనక్కి తగ్గాడు. ‘దక్షిణాది అంటే చంపడానికి వెనకాడనివాళ్లు’ అన్న ముద్ర తప్పని చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

అపోహ: మన ఊళ్లలోనూ అడవి పందులున్నాయి కదా, ఇక్కడ మాత్రం ఇంత కసి ఎందుకు?

వాస్తవం: జాతి ఒకటే, స్థానం వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అడవుల్లోని పంది అక్కడి స్థానిక జంతువు. పెద్దపులి, చిరుత, రేచుకుక్కలకు ఆహారం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉంది. చేను చుట్టూ పాత చీరలు కట్టి, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లి రాత్రంతా కాపలా కాసే రైతు నష్టం నిజమైనదే అయినా, పందిని పూర్తిగా నిర్మూలించాలన్న లక్ష్యం అక్కడ పొసగదు. ఇక్కడ ఎదిగిన పందిని అదుపు చేయగల వేటజంతువు దాదాపు లేదు. డాలస్ శివార్లలో వాగుల పక్కన ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఒక్క రాత్రిలో దున్నినట్టు తిరగబడిన పచ్చిక చూసి కంగారుపడతారు. అప్పుడు మిగిలిన అన్నం, పళ్లు పెరట్లో పడేయకుండా, నగరపాలక జంతు విభాగానికి ఫోన్ చేయడమే సరైన పని.

అపోహ: ఆ మాంసం ముట్టుకోకూడదు, తినకూడదు.

వాస్తవం: జాగ్రత్తగా తినవచ్చు. వీటిలో బ్రూసెల్లోసిస్ అనే, మనుషులకూ అంటుకునే రోగం ఉండే అవకాశం ఉంది కనుక కోసేటప్పుడు చేతులకు తొడుగులు తప్పనిసరి; మాంసం లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా ఉడకాలి. అమ్మకానికి మాత్రం పొలంలో కాల్చిన పంది పనికిరాదు, తనిఖీ ఉన్న కబేళాకు ప్రాణంతోనే చేరాలి. అందుకే టెక్సాస్‌లో పందిని ప్రాణంతో పట్టి, అనుమతి పొందిన కొనుగోలు కేంద్రానికి తరలించడం చట్టబద్ధం. అలా పట్టిన ఆడ పందికి కబేళా దారి తప్ప మరో దారి లేదు. మగ పందిని మాత్రం, అనుమతి ఉన్న కంచె వేట వనంలో వదలడానికి చట్టం ఇప్పటికీ వీలిస్తోంది.