వానాకాలంలో కర్నూలు చుట్టుపక్కల తిరగడం: అపోహలు, వాస్తవాలు

జూన్ నుంచి అక్టోబరు దాకా కర్నూలుకు బయటివాళ్ళ రాక తగ్గుతుంది. ట్రావెల్స్ కార్లు స్టాండులో ఖాళీగా ఉంటాయి, లాడ్జీలో బేరమాడితే గది ధర దిగుతుంది. ఈ రోజుల్లో వద్దామనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు చాలావరకు కోస్తా వాననో కేరళ వాననో మనసులో పెట్టుకుని అడిగేవే. సీమలో వాన లెక్క వేరు. ఇక్కడ చూసుకోవాల్సింది నెత్తిమీది మబ్బు కంటే ముందు కాళ్ళకింది మన్ను, ఎగువ నుంచి వచ్చే నీళ్ళు.

అపోహ: వానాకాలమంటే రోజంతా తడుస్తూనే ఉండాలి

మబ్బుల్లో నీళ్ళు చాలావరకు పడమటి కనుమల దగ్గరే కురిసిపోతాయి. మిగిలింది మనకు. కర్నూలు వైపు ఏడాది మొత్తానికి 670 మి.మీ. అటూ ఇటూ, అనంతపురంలో 550 చిల్లర. వారం రోజులు మబ్బు పట్టి ఒక్క చినుకూ రాలకపోవడం మామూలే. పడితే మాత్రం ఎక్కువగా సాయంత్రమో రాత్రో ఉరుములతో గంటా గంటన్నర దంచి పోతుంది. కాబట్టి కొండలు, కోటలు, గుహలు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు లోపల ముగించండి. ఊళ్ళోని కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ సాయంత్రానికి పెట్టుకోవచ్చు.

మేలో 40 దాటే ఎండ జులై, ఆగస్టుల్లో 33, 34 డిగ్రీలకు దిగుతుంది, కానీ ఉక్కపోత తప్పదు. అనంతపురం వైపు పోతే గొడుగు ఇంట్లోనే పెట్టి రెయిన్‌కోటు తెచ్చుకోండి. ఆషాఢం గాలికి గొడుగు తిరగబడుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు.

అపోహ: ఇక్కడ చినుకు లేదు, నదిలో దిగొచ్చు

ఈ ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. తుంగభద్రలో పారేవి కర్నూలు వాన నీళ్ళు కావు, చిక్కమగళూరు, శివమొగ్గ వైపు కొండల్లో కురిసినవి. అవి హొసపేట డ్యాం నిండాక గేట్లు దాటి మంత్రాలయం మీదుగా సుంకేసుల బ్యారేజీకి, అక్కడి నుంచి కర్నూలు ఊరికి వస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అప్పుడు దిగువకు వచ్చిన నీళ్ళకూ కర్నూలు వానకూ సంబంధమే లేదు.

ఘాట్‌లో దిగేముందు నీటి అంచున ఉన్న మెట్టును గుర్తు పెట్టుకోండి. పది నిమిషాల్లో ఆ మెట్టు మునిగినా, తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబారినా, పుల్లలూ నురగా తేలుతూ వచ్చినా కొత్తనీరు తగిలినట్టే. బట్టలు తర్వాత, ముందు మనుషులు పైకి రండి. కె.సి. (కర్నూలు-కడప) కాలువలో అసలే వద్దు. లైనింగ్ వాలుగా, పాచి పట్టి ఉంటుంది. ఈత వచ్చినవాడికి కూడా గట్టు ఎక్కడానికి పట్టు దొరకదు.

అపోహ: సెప్టెంబరు దాటితే గండం గడిచినట్టే

కర్నూలు ఊరు మునిగింది 2009 అక్టోబరు 2న. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది 2021 నవంబరు 19న. ఇంతకంటే చెప్పాల్సింది లేదు. కడప వైపు బంగాళాఖాతం వాయుగుండాల వానలు నవంబరు, డిసెంబరు దాకా ఉంటాయి. ఆ నెలల్లో రైలు టికెట్టుకు ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

అపోహ: వంకలో నీళ్ళు మోకాలి లోతే, బండి దాటుతుంది

లోతు కంటే వేగం ముఖ్యం. అడుగు లోతు నీళ్ళు వేగంగా పారుతుంటే చిన్న కారును పక్కకు నెట్టేస్తాయి, అందులో సగం లోతు మనిషి కాళ్ళు తప్పించడానికి చాలు. పైగా ఎర్రనీళ్ళ కింద చప్టా (వంకకు అడ్డంగా వేసిన సిమెంటు దారి) ఉందో, కోసుకుపోయిందో కనపడదు. రెండు పక్కలా గుర్తురాళ్ళు పూర్తిగా కనపడకపోతే దాటవద్దు. ముందు లారీ దాటిందని వెనకే పోవద్దు, దాని బరువు వేరు.

చిన్న వంకలు పొంగినంత తొందరగానే తగ్గుతాయి. టీ కొట్టు చూసుకుని కూర్చుంటే రెండు మూడు గంటల్లో దారి పడొచ్చు. పైన చెరువు మరువ పారుతోందని, అంటే చెరువు నిండి నీళ్ళు పొర్లుతున్నాయని, ఊళ్ళోవాళ్ళు చెబితే మాత్రం ఆ రోజుకు ఆశ వదులుకుని వేరే దారి చూసుకోండి. మరువ నీళ్ళు గంటల్లో ఆగవు. ఒకవేళ నీళ్ళలో ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్లోకి పోయిన నీళ్ళు కనెక్టింగ్ రాడ్లను వంచేస్తాయి. నెట్టుకుని బయటికి తెచ్చి మెకానిక్కును పిలవడమే చవక.

అపోహ: ఎండ కాసింది, మట్టిరోడ్డు ఆరిపోయుంటుంది

అనంతపురం ఎర్రనేల అయితే నిజమే. నీళ్ళు ఇంకిపోయి పూటలో బండి నడుస్తుంది. కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి అట్లా కాదు. తడిస్తే ఉబ్బుతుంది, జిగురు పడుతుంది. పైన ఎండి పెచ్చు కట్టినట్టు కనపడుతుంది, కింద జానెడు లోతున మైనం లాగే ఉంటుంది. బైకు పది గజాలు పోయేసరికి టైరుకు అతుక్కున్న మట్టి ముందు మడ్‌గార్డులో కూరుకుని చక్రమే తిరగదు. అప్పుడు యాక్సిలరేటరు తిప్పితే క్లచ్ ప్లేట్లు కాలిన వాసన వస్తుంది తప్ప బండి కదలదు. పుల్లతో మట్టి గీకి, వచ్చిన దారినే వెనక్కి తిప్పుకోండి.

కారు దిగబడితే యాక్సిలరేటరు తొక్కి చక్రాలు తిప్పకండి, తిప్పిన కొద్దీ గుంత లోతవుతుంది. టైర్ల ముందు మట్టి తవ్వి, కంకర గానీ జొన్నచొప్ప గానీ పరిచి, టైర్లలో గాలి మూడోవంతు తగ్గించి, రెండో గేరులో మెల్లగా లాగించాలి. తారురోడ్డు ఎక్కాక మెల్లగా పోయి, దగ్గరలో ఎక్కడ పంపు కనపడితే అక్కడ గాలి పట్టించుకోవాలి.

అపోహ: వానలు పడ్డాక సంగమేశ్వరం ఇంకా అందంగా ఉంటుంది

అందం మాటేమో గానీ గుడే కనపడదు. శ్రీశైలం వెనకజలాల్లో మునిగి ఉంటుంది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది 840 చుట్టుపక్కలకు దిగితే గానీ వేపదారు లింగం ఉన్న ఆ గుడి బయటపడదు. అది ఎండాకాలం యాత్ర, ఆగస్టు ప్లానులో నుంచి కొట్టేయండి.

శ్రీశైలం గేట్ల సంగతి దీనికి తలకిందులు. ఇన్‌ఫ్లో లక్షల క్యూసెక్కులని వార్త రాగానే కార్లు బయలుదేరతాయి. మట్టం 870 దగ్గరుంటే వచ్చిన నీళ్ళు జలాశయం నింపడానికీ కరెంటుకూ పోతాయి, గేట్లు ఎత్తరు. 885కు దగ్గరయ్యాక ఇన్‌ఫ్లో కూడా ఉంటేనే 12 గేట్లలో కొన్ని లేస్తాయి. రెండు అంకెలూ ఆ ఉదయమే చూసుకోండి. ఆదివారం పోతే గేట్ల కంటే ఎక్కువగా ముందు కారు వెనక లైట్లే చూస్తారు. దోర్నాల ఘాట్ రోడ్డు పులుల అడవి గుండా పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు మూసేస్తారు, బతిమాలినా పని జరగదు.

అపోహ: వాన రోజున బెలుం గుహలే భద్రం, తడవము కదా

ముసురు రోజున మంచిదే, కుండపోత రోజున కాదు. సున్నపురాతిలో నీళ్ళు తొలిచి చేసిన గుహ అది, ఇప్పటికీ నీళ్ళకు దారి తెలుసు. పెద్ద వాన తర్వాత కొలిమిగుండ్ల పోయేముందు తెరిచారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మొత్తం 3,229 మీటర్లలో కిలోమీటరున్నర దాకా తిరగనిస్తారు. లోపల చల్లగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు, చెమటలు కారతాయి. ఆయాసం ఉన్నవాళ్ళు పాతాళగంగ దాకా దిగవద్దు. ఏసీ కారులోంచి నేరుగా తెచ్చిన కెమెరా లెన్సుకు ఆవిరి పడుతుంది. ఇరవై నిమిషాలు సంచీ జిప్పు తీయకుండా ఉంచితే చాలు.

చెప్పుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. గుళ్ళూ మెట్లూ లాడ్జీ బాత్రూములూ అన్నిట్లో మన నాపబండే. అరిగిన బండ తడిస్తే సబ్బు రుద్దినట్టే. వెనక పట్టీ ఉన్న, అడుగున గాట్లున్న చెప్పులు వేసుకోండి. గండికోట అంచున కంచె లేదు, తడిసిన బండ మీద సెల్ఫీకి అంచు నుంచి కనీసం పది అడుగులు ఇవతలే ఆగండి.

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే దారి భవనాశి వాగును ఆనుకుని, దాటుతూ పోతుంది. పొద్దున చీలమండ లోతున్న చోట మధ్యాహ్నానికి నడుము లోతు రావచ్చు. ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టి, కొండ మీద ఉరిమితే గుడి కనపడుతున్నా సరే వెనక్కి తిరగండి.

అపోహ: తొలకరికి జొన్నగిరి పోతే వజ్రం దొరుకుతుంది

జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో తొలకరికి వెతికేవాళ్ళు వందల మంది కనపడతారు. అవి రైతుల చేలు, విత్తనం పడ్డాక అడుగు పెట్టకూడదు. అంత దూరం వచ్చినవాళ్ళు దగ్గరలోనే ఎర్రగుడిలో అశోకుని శాసనాలు చూసి పోండి, అవి ఎవరికైనా కనపడతాయి.

అపోహ: ఆఫ్ సీజను, గదులన్నీ చవక

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్ళలో నిజం. మంత్రాలయంలో కాదు. శ్రావణ బహుళ విదియ రాఘవేంద్రస్వామి ఆరాధన, దానికి ముందూ వెనకా కలిపి వారం పాటు గది దొరకడమే గగనం. శ్రావణ సోమ, శుక్రవారాల్లో శ్రీశైలం కూడా అంతే. తేదీ ఖాయం చేసుకునేముందు వాతావరణం యాప్ కంటే ముందు పంచాంగం తెరవండి.