సైగలు నేర్పితే మాట పోతుందా?

"సైగలు అలవాటు చేస్తే ఇక మాట రాదమ్మా." వినపడని బిడ్డ ఉన్న ఇంట్లో ఈ మాట అనేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, ఒంగోలులోనైనా కావలిలోనైనా. దాంతో తల్లిదండ్రులకు టెన్షన్. చెవి మిషన్ పెట్టించి, ఆపరేషన్ కోసం తిరిగి, మాట వచ్చేదాకా ఎదురుచూస్తారు. భాష సులువుగా పట్టుబడే తొలి ఏళ్లు ఆ ఎదురుచూపులోనే గడిచిపోతాయి.

మెదడుకు భాష అందితే చాలు, చెవిలోంచి వచ్చిందా కంట్లోంచి వచ్చిందా అన్న పట్టింపు లేదు. సంజ్ఞా భాష వాడే ఇళ్లలోని బధిర పసివాళ్లను పెటిటో, మారెంటెట్ అనే పరిశోధకులు గమనించి 1991లో ఫలితాలు ప్రచురించారు. మిగతా పిల్లలు "బబ్బబ్బ" అనే వయసులోనే వీళ్లు చేతులతో అలా ముద్దుపలుకులు పలికారు. వినగలిగే తల్లిదండ్రులు కూడా ఆరు నెలల్లోపు సైగలు మొదలుపెడితే, బిడ్డ పదసంపద వయసుకు తగ్గట్టే పెరుగుతుందని 2021లో ఇంకో పరిశోధన చూపింది. మిషన్ మానేయమని కాదు. రెండూ కలిసి నడవచ్చు. స్నానానికీ నిద్రకూ మిషన్ తీసేస్తాం కదా, అప్పుడూ భాష ఉండాలి.

రాత్రి అన్నాల దగ్గర చూడండి. నాన్న రొయ్యల చెరువు సంగతి చెబుతాడు, అవ్వ ఏదో అంటుంది, అందరూ నవ్వుతారు. బిడ్డ ఏమిటన్నట్టు చూస్తే "ఏం లేదులే, తిను" అని చెయ్యి ఊపుతారు. ఏ మామతో మాటల్లేవు, వడ్ల ధర ఎంత పలికింది, తాత ముందు ఏది అనకూడదు, ఇవన్నీ వినే పిల్లలకు ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. పక్కన కూర్చుంటే వచ్చేస్తాయి. నన్నడిగితే, బడిలో వెనకబడటం కంటే పెద్ద నష్టం ఇక్కడే.

అమెరికాలోని యూటాలో 1990లలో బధిరులైన పెద్దవాళ్లనే సైగలు నేర్పడానికి ఇలాంటి ఇళ్లకు పంపారు. ఆ పిల్లలు భాషలో ఈ సాయం అందని బధిర పిల్లల కంటే ముందుకెళ్లారు. పెద్దవాళ్లు నేర్పేది సైగలొక్కటే కాదు, కంటితో బతికే పద్ధతి. పిలవాలంటే భుజం తట్టడం, లైటు ఆర్పి మళ్లీ వెలిగించడం. బొమ్మల పుస్తకం చూపేటప్పుడు మనం బిడ్డ గడ్డం పట్టుకుని మనవైపు తిప్పుకుంటాం, బొమ్మ తప్పిపోతుంది. బధిర తల్లి బిడ్డ తల ఎత్తేదాకా ఆగుతుంది, లేదా బొమ్మ పక్కనే సైగ చేస్తుంది.

జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో వినికిడి పరీక్ష, స్పీచ్ థెరపీ ఉంటాయి. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలోని జాతీయ సంస్థ పదివేల పదాల వీడియో నిఘంటువు చేసింది, ఫోనులో చూడొచ్చు. కానీ వీడియో బిడ్డకు బదులు చెప్పదు. ఊళ్లో ఉన్న బధిరులను వెతికి, ఇంటికి పిలిచి, వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. అమ్మ ఒక్కతే కాదు, అవ్వ కూడా కూర్చోవాలి. అమ్మ పనికి వెళ్లాక బిడ్డ పగలంతా ఆమె దగ్గరే కదా.