కొబ్బరిలో తెల్లదోమ: 2018కి ముందు, తర్వాత

తెల్లదోమ కార్చే తీపి జిగురు మీద మసి బూజు పెరిగి కోనసీమలో కొబ్బరి మట్టలు నల్లబడగానే పాత తగాదా మళ్లీ మొదలవుతుంది: మందు కొట్టాలా, వద్దా? 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర కనబడ్డ తెల్లదోమ తర్వాత కడియం నర్సరీలకూ చేరింది. అసలు చిక్కు 2018 చివర్లో పడింది.

అప్పటిదాకా లెక్క సులువు. వచ్చింది రుగోస్ సర్పిలాకార తెల్లదోమ, అల్యూరోడైకస్ రుజియోపెర్క్యులేటస్. 1993లో కేరళలో కనబడ్డ పాత సర్పిలాకార తెల్లదోమదీ ఇదే ప్రజాతి (జీనస్). రెండూ గుడ్లు చుట్లు చుట్లుగానే పెడతాయి. ఏది ఏదో తేల్చేది ప్యూపా (రెక్కల దోమగా మారే ముందు దశ) తొడుగు. దాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి, మైనం పోగొట్టి, రంగు పట్టించి స్లైడ్ మీద చూడాలి. మైనం మిగిలితే రంధ్రాలు కనబడవు, వేడి మితిమీరితే తొడుగే పాడవుతుంది. వెనక కొసన ఉండే చిన్న మూత ముడతలు పడి, దాని కింది నాలుక కొస కోసుగా ఉంటే రుగోసే. 2004లో బెలిజ్ నమూనాలతో కీటక శాస్త్రవేత్త మార్టిన్ ఈ జాతిని వర్ణించినప్పుడు చూపిన గుర్తులివే.

ప్రజాతి ఒకటే కావడం మనకు కలిసొచ్చింది. పాత దోమను తినే ఎన్‌కార్సియా గ్వాడెలూపే బదనిక (దోమ పిల్లల లోపల పెరిగి వాటిని చంపే చిన్న కందిరీగ) కొత్తదాన్నీ పట్టింది. పురుగుమందు వద్దని శాస్త్రవేత్తలు పట్టుబట్టడానికి కారణం ఇదే: మందు కొడితే ముందు పోయేది బదనిక.

2018 చివర కేరళలో గూడు కట్టే తెల్లదోమ పారాల్యూరోడిస్ బోండారి బయటపడింది. రుగోస్ 2.5 మి.మీ. ఉంటే ఇది 1 మి.మీ. మాత్రమే. రెక్కలపై ఇంటూ గుర్తులా బూడిదరంగు పట్టీలు, చుట్టూ దూది గూడు. ప్రజాతి వేరు కాబట్టి ఎన్‌కార్సియాను నమ్ముకుంటే ఇక్కడ లాభం లేదు. "బదనికలు వదిలినా తగ్గలేదు" అనే రైతు మాటలో ఆమేరకు నిజముంది. ఆకు మీద ఏ దోమ ఉందో చూడకుండానే మందు డబ్బా తెరవడం మాత్రం సరికాదు.

2019లో కర్ణాటకలోని మండ్యలో దొరికిన అల్యూరోట్రాకెలస్ అట్రాటస్ అనే ఇంకో తెల్లదోమ మరో తిరకాసు పెట్టింది. రుగోస్ పిల్ల పురుగు నల్లబడితే అది బదనిక పని. అట్రాటస్‌ది మాత్రం పుట్టు నలుపు, పైన తెల్లటి మైనపు పోగులు. రంగు చూసి బదనికలు బాగా పనిచేస్తున్నాయని మురిసిపోతే మోసపోతాం. పది రెట్ల భూతద్దంలో ఖాళీ తొడుగు చూడండి: గుండ్రటి రంధ్రం ఉంటే బదనిక బయటికొచ్చినట్టు, ఇంగ్లిషు టీ ఆకారపు చీలిక ఉంటే దోమే ఎగిరిపోయినట్టు.

ఇక రైతును కంగారుపెట్టే నల్లమసికి 1 శాతం గంజి ద్రావణం పిచికారి చేస్తే చాలు, ఆరాక పొరలా ఊడిపోతుంది.