మాట ఇచ్చేముందు, ఇచ్చాక

పిల్లలూ,

“అందరూ తప్పుతుంటే మేమొక్కళ్లమే మాట మీద ఎందుకు నిలబడాలి?” అని అడిగారు. మాట తప్పినవాళ్లలో చాలామంది హాయిగానే ఉన్నారు, కాదనను.

పోచంపల్లి సంగతి వినండి. అది 1951. సాయుధ పోరాటంతో, పోలీసు క్యాంపులతో నల్లగొండ జిల్లా అట్టుడికిపోతోంది. దొరను కూలీ నమ్మడు, కూలీని దొర నమ్మడు. హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో గాంధేయవాదుల సర్వోదయ సమ్మేళనం అయ్యాక, గాంధీజీ శిష్యుడు వినోబా భావే కాలినడకన ఆ ఊరొచ్చారు. ఏప్రిల్ 18న దళితవాడ వాళ్లు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఇచ్చారు. భూమి ఉన్నవాళ్లు లేనివాళ్లకు తమంతట తామే దానమిచ్చే భూదానోద్యమం అలా మొదలైంది.

ఆ తర్వాతి కథ కూడా మీకు తెలియాలి. దేశమంతా కలిపి 40 లక్షల ఎకరాలకు పైగా దానం ప్రకటించారు. అందులో ఎంతో భూమి పేదలకు చేరనే లేదు. కొందరు కోర్టు తగాదాల్లో ఉన్న నేల రాసిచ్చారు. కొన్నిచోట్ల దాతల వారసులే మళ్లీ ఆక్రమించుకున్నారు. పట్టా చేతికొచ్చినా పొలంలో అడుగుపెట్టలేని కుటుంబాలు మిగిలాయి. నాకు ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం రాళ్లగుట్టలు దానం చేసినవాళ్లు. ఎకరమన్నారు, ఎకరమే ఇచ్చారు, లెక్క సరిపోయింది. కానీ అక్కడ నాగలి దిగదు. విన్నవాడు ఏమని నమ్మాడో, ఇచ్చిన మాటకు అర్థం అదే కదా! ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

లోకం మోసం చేస్తోందంటే, మాట ఇచ్చేముందు జాగ్రత్తపడే హక్కు మీకుంది. తక్కువే ఒప్పుకోండి. మీది కానిదాన్ని ఇస్తాననకండి. డబ్బు విషయమైతే కాగితం మీద పెట్టండి, నమ్మకం లేదంటారేమోనని మొహమాటపడకండి. కానీ ఇచ్చాక ఒకటి చూసుకోండి: మిమ్మల్ని మోసం చేసింది ఒకరు, మీ మాట నమ్మి ఎదురుచూస్తున్నది ఇంకొకరు. మొదటివాడి మీద కోపం రెండోవాడి మీద తీర్చుకోవడం ఏం న్యాయం?

ఆ ఇద్దరూ ఒకరే అయితే? నువ్వు ఇది చేస్తే నేను అది చేస్తానని ఒప్పుకుని, అతను చెయ్యకపోతే మీరూ చెయ్యక్కర్లేదు. ఇంకొకరికి హాని చేసే మాటైతే అసలే నిలబెట్టకూడదు. అయితే గడువు దాటేదాకా దాక్కోకండి, ముందే వెళ్లి ఎదురుగా చెప్పండి.

ఇందులో మీకు ఒప్పనిది ఉంటే వెంటనే జవాబు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య