గుండు తగిలి తప్పించుకున్న జంతువు ఎవరి బాధ్యత?

అడవిపందుల్ని కాల్చడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న వాదన ఏటా పంటలు చేతికొచ్చే వేళకు మళ్ళీ మొదలవుతుంది. రాత్రికి రాత్రే మొక్కజొన్న చేను నేలమట్టమైన రైతు బాధ నిజమైనదే, చంపడం పరిష్కారం కాదనే వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. అయితే ఈ రెండు పక్షాలూ పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. గుండు తగిలీ చావకుండా చీకట్లో పడి పారిపోయిన పంది సంగతి ఏమిటి? దాని వెనకాల వెళ్ళి, వెతికి, బాధ లేకుండా చేయాల్సింది ఎవరు? మన దేశంలో వేట చరిత్ర తిరగేస్తే ఈ ప్రశ్న చాలా పాతదని, దీనికి సమాధానం దొరకనప్పుడల్లా మనుషుల ప్రాణాలు కూడా పోయాయని తెలుస్తుంది.

కిరాతార్జునుల కథలో పంది ఒక్కటే, బాణాలు రెండు. ఒకటి అర్జునుడిది, రెండోది వేటగాడి రూపంలో వచ్చిన శివుడిది. ముందు కొట్టింది నేనంటే నేనని ఇద్దరూ తలపడ్డారు. బెజవాడ ఇంద్రకీలాద్రికి వెళ్ళేవాళ్ళలో ఈ కథ తెలియనివాళ్ళు అరుదు. తొలి దెబ్బ కొట్టినవాడిదే వేట అన్న కట్టుబాటు ఎంత పాతదో ఇందులో కనిపిస్తుంది. బ్రిటిష్ కాలపు షికారుల్లోనూ ఇదే నడిచింది. పులికి ముందుగా నెత్తురు చూపించినవాడిదే పులి, ఆ తర్వాత దాన్ని ఎవరు చంపినా చర్మం మాత్రం అతనికే దక్కేది. ఈ కట్టుబాటు చాలా చెడు చేసిందని నా అభిప్రాయం. నాలుగు ఏనుగుల మీద నలుగురు దొరలు కూర్చుని ఉన్నప్పుడు, పులి తోక కనిపించినా సరే ముందు తుపాకీ పేల్చాలన్న ఆత్రం పుడుతుంది. గుండు ఎక్కడో ఒకచోట తగిలితే చాలు, పేరు దక్కుతుంది. గుండెకో ఊపిరితిత్తులకో సూటిగా తగిలే అదను కోసం ఓపిక పట్టినవాడు వెనకబడిపోతాడు.

1902లో వైస్రాయి కర్జన్, ఆయన భార్య మన వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర షికారు విడిదిలో దిగారు. చచ్చిన పులిని ముందు పెట్టుకుని వాళ్ళు దిగిన ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధమే, రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కూ పులి వేటలో పెద్ద పేరుంది. ఇలాంటి ఫొటోలు వందల్లో మిగిలాయి. వాటన్నిటిలోనూ ఉండేవి చచ్చిన పులులే. దెబ్బతిని పొదల్లోకి పోయిన పులికి ఫొటో ఉండదు. విడిది ఎత్తేసి సాహెబు రైలెక్కి పోతాడు. ఆ పులితో కలిసి బతకాల్సింది చుట్టుపక్కల పల్లెలవాళ్ళు.

మంచి షికారీలకు ఈ సంగతి తెలుసు. అందుకే దెబ్బతిన్న జంతువును వదిలేసి రావడం వాళ్ళ లెక్కలో అన్నిటికన్నా పెద్ద తప్పు. దానికో పద్ధతి కూడా వాళ్ళు తయారుచేసుకున్నారు. గుండు తగలగానే వెంటపడకూడదు. కనీసం అరగంట, కడుపులో తగిలిందనిపిస్తే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. తరమకుండా వదిలేస్తే జంతువు కాస్త దూరంలోనే పడుకుంటుంది, నెత్తురు పోయి నీరసిస్తుంది. వెంటనే తరిమితే ఆ ఊపులో మైళ్ళు పోతుంది. పొద్దుగూకాక పులి కోసం, చిరుత కోసం పొదల్లోకి అడుగు పెట్టకూడదు.

ఆ తర్వాత నెత్తుటి జాడ చదవాలి. నురగ కట్టిన లేత ఎరుపు నెత్తురు ఆకుల మీద కనిపిస్తే గుండు ఊపిరితిత్తుల్లో దిగినట్టు. అలాంటి జంతువు ఎక్కువ దూరం పోదు. నెత్తురు ముదురు రంగులో ఉంటే కాలేయం. నెత్తుటి చుక్కల్లో నమిలిన గడ్డి, పచ్చటి ద్రవం కలిసి ఉంటే కడుపు. అది గంటలకొద్దీ నరకం పడుతుందని అర్థం. తెల్లటి ఎముక ముక్కలు పడి ఉంటే కాలు విరిగింది, కుంటుతూనే చాలా దూరం పోతుంది. జాడ చూసేవాడి కళ్ళు నేల మీద ఉంటాయి కాబట్టి తుపాకీ పట్టినవాడు పక్కనే ఉండి ఎదుటి పొదల మీద నుంచి చూపు తిప్పకూడదు. ఈ రెండు పనులూ ఒక్కడే చేయబోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. పులి ఏ పొదలో నక్కిందో తెలియనప్పుడు ఊరి గేదెల మందను ముందు తోలేవాళ్ళు. గేదెలు వాసన పట్టి, బుసలు కొట్టి, గుంపుగా ఆగిపోయేవి. పడి ఉన్న జంతువును చివరికి కనిపెట్టినా ఎదురుగా పోకూడదు. వెనక నుంచి వెళ్ళి, దూరం నుంచే రాయి విసిరి చూడాలి. పొడుగాటి కర్రతో కన్ను తాకిస్తే రెప్ప కదలకూడదు. కదిలిందంటే ఇంకో గుండు ఖర్చు పెట్టాల్సిందే. చర్మం పాడవుతుందని వెనకాడినవాడిని పాత షికారీలు చేతగానివాడిగానే చూశారు.

చిరుత విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. పులి దాక్కోవడానికి పొద కావాలి, చిరుతకు మోకాలెత్తు గడ్డి చాలు. దాని కాటుకన్నా గోళ్ళే భయం. గోళ్ళ సందుల్లో కుళ్ళిన మాంసం ఉంటుంది, యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో చిన్న గీరు కూడా చీము పట్టి మనిషిని చంపేది. అందుకే షికారు సామానులో తూటాలతో పాటు పొటాషియం పర్మాంగనేటో, కార్బాలిక్ యాసిడో తప్పకుండా ఉండేది. అయితే ఆ పెట్టె సాహెబు గుడారంలో ఉండేది. డప్పులు కొడుతూ చేతికర్రలతో పొదల్లోకి దిగి జంతువును తోలిన కూలీలకు అది ఎంతవరకు అందిందో ఊహించుకోవచ్చు.

దెబ్బతిన్న పులిని వదిలేస్తే ఏమవుతుందో చూపించే ఉదంతం ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో జరిగింది. చంపావత్ ఆడపులి నేపాల్‌లోనూ కుమావూలోనూ కలిపి 436 మందిని చంపిందని లెక్క. నేపాల్ నుంచి సైన్యం తరిమితే ఇటు వచ్చింది. 1907లో నరభక్షక పులుల వేటగాడిగా పేరుపడ్డ జిమ్ కార్బెట్ దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. చంపావత్ తహసీల్దారు చుట్టుపక్కల పల్లెల నుంచి 298 మందిని పోగుచేశాడు. లైసెన్సు లేని తుపాకులు తెచ్చుకున్నా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కార్బెట్ దగ్గరున్నవి మూడే తూటాలు. అవి అయిపోయేసరికి దెబ్బలు తిన్న పులి ఇంకా నిలబడే ఉంది. ఆయన పరుగున వెళ్ళి తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ లాక్కుని, ఇరవై అడుగుల దగ్గరకు వచ్చి పేల్చాడు. ఆ గుండు కాలికి తగిలింది. పులి చచ్చింది మాత్రం ముందు తగిలిన దెబ్బలతోనే. తర్వాత నోరు తెరిచి చూస్తే, కుడివైపు పై కోరపన్ను సగానికి, కింది కోరపన్ను ఎముక దాకా విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో పేల్చిన తుపాకీ దెబ్బ అది. ఆ పళ్ళతో దుప్పినో కణితినో పట్టలేక మనుషుల మీద పడింది.

కోరపళ్ళు విరగ్గొట్టిన ఆ గుండు పేల్చినవాడెవరో ఎవరికీ తెలియదు. తన గురి తప్పడం వల్ల అన్ని వందల ఇళ్ళలో ఏడుపులు వినిపించాయని అతనికీ తెలిసి ఉండదు. పులి మనిషి మాంసం మరగడానికి పదింట తొమ్మిదిసార్లు గాయాలే కారణమని, పదోది ముసలితనమని కార్బెట్ రాశాడు. ఆ గాయాలన్నీ తుపాకీవి కావు, ముళ్ళపంది ముళ్ళు గుచ్చుకున్నవీ ఉన్నాయి. చిరుతల లెక్క వేరు. రుద్రప్రయాగ చిరుత 1918 నుంచి 1926 వరకు 125 మందిని చంపింది. ఇన్‌ఫ్లుయెంజా నాటి శవాలు తిని దానికి ఆ అలవాటైందని ఆయన అనుకున్నాడు. కాబట్టి ప్రతి నరభక్షకి వెనకా ఓ చేతగాని వేటగాడు ఉన్నాడనడం సరికాదు. చంపావత్ విషయంలో మాత్రం సందేహం లేదు.

చట్టం ఈ ప్రశ్న పక్కకు రావడానికి చాలా కాలం పట్టింది. 1912 నాటి అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం ఏ జంతువును ఏ కాలంలో వేటాడకూడదన్న దాని చుట్టూ తిరిగింది. 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసమంటే ముందు నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి దారి వదిలింది. ఆ తుపాకీతో ఒక్కసారి పేలిస్తే మళ్ళీ మందు, గుండు కూరడానికి నిమిషాలు పడుతుంది. మొదటి దెబ్బ సరిగ్గా తగలకపోతే రెండోది వేసే వీలే లేదు. రైతు చేతికి గాయపరిచే సాధనం ఇచ్చి, బాధ తీర్చే సాధనం ఇవ్వలేదు.

1970లో పులి వేట ఆగింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. తొలి రూపంలో అది లైసెన్సుతో వేటను ఒప్పుకుంటూనే కొన్ని కట్టుబాట్లు పెట్టింది. వాహనం మీద నుంచి కాల్చకూడదు, విషం, పేలుడు పదార్థాలు, ఉచ్చులు వాడకూడదు, పెద్ద జంతువులకు రైఫిల్ మాత్రమే వాడాలి. వీటిలో చాలావరకు, రాసినవాళ్ళు ఏమనుకున్నా, జంతువు సగం చచ్చి పారిపోకుండా చూసే కట్టుబాట్లే. జంతువును గాయపరచడం కూడా వేటాడటం కిందికే వస్తుందని చట్టం చెప్పింది. 1991 సవరణతో లైసెన్సుల కథ ముగిసింది. ఇప్పుడు ఒక జంతువు ఇక కోలుకోదన్నంతగా దెబ్బతింటే, దాన్ని చంపడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, కొన్ని జంతువుల విషయంలో అధికారం పొందిన మరో అధికారి అయినా, రాతపూర్వకంగా, కారణం చూపించి అనుమతి ఇవ్వాలి. కాలు విరిగి చేనులో పడి ఉన్న దుప్పి మీద జాలిపడి ఊరివాళ్ళు దాని ప్రాణం తీసినా అది నేరమే. ఇది సరైన నిబంధనేనని నేనంటాను, లేకపోతే ప్రతి దొంగ వేటగాడూ జాలి కథే చెప్తాడు. కాకపోతే ఆ అధికారి సంతకం అడవి చివరి పల్లెకు చేరేలోపు ఆ జంతువు పడే బాధకు జవాబు లేదు.

వేట చట్టబద్ధంగా సాగే దేశాలు ఈ భాగాన్ని గట్టిగా పట్టుకున్నాయి. జర్మనీ వేట చట్టంలో 22ఎ అనే సెక్షను ఉంది. తీవ్రంగా గాయపడిన జంతువును, తప్పించగల బాధ పడనివ్వకుండా, వెంటనే చంపాలని అది ఆదేశిస్తుంది. నెత్తుటి జాడ పట్టడం కోసమే పెంచిన హానోవర్ జాతి కుక్కలు అక్కడ ఉన్నాయి, వాటి కోసం 1894లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. గాయపడిన దుప్పి సరిహద్దు దాటి పక్కవాడి వేట భూమిలోకి పోతే ఏం చేయాలో కూడా ముందే ఒప్పందాలు రాసుకుంటారు. డెన్మార్క్‌లో 1990ల మొదట్లో గూస్ అనే వలస పెద్దబాతుల్ని పట్టి ఎక్స్‌రే తీస్తే, ఎదిగిన పక్షుల్లో మూడింట ఒక వంతుకు పైగా ఒంట్లో తుపాకీ రవ్వలతోనే తిరుగుతున్నాయని తేలింది. సిగ్గుపడాల్సిన లెక్కే. దాన్ని దాచకుండా 1997లో ఒక కార్యాచరణ ప్రణాళిక తెచ్చారు, దగ్గర నుంచే కాల్చాలని వేటగాళ్ళకు నేర్పారు, తర్వాత మళ్ళీ ఎక్స్‌రేలు తీస్తే ఆ వాటా తగ్గింది.

మన దగ్గర వేట నిషేధం ఉంది కాబట్టి గాయాలు ఆగిపోయాయనుకుంటే పొరపాటు. ఉచ్చులు, పిండిలో చుట్టిన నాటుబాంబులు, చేల చుట్టూ లాగిన కరెంటు తీగలు వచ్చాయి. ఇవి పందికోసం పెట్టినా పందినే పట్టుకోవు. కవ్వాల్ వైపు చెన్నూరు అడవుల్లో నడుముకు ఉచ్చు తీగ బిగుసుకున్న ఆడపులి ఒకటి కెమెరాలకు చిక్కింది. 2020 మేలో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు నోట్లో పేలుడు పదార్థం పేలింది. అడవిపందుల కోసం పెట్టే ఎర అది. తినలేక, తాగలేక దాదాపు రెండు వారాలు తిరిగి, వెల్లియార్ నదిలో నిలబడే చనిపోయింది. దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. అదే ఎర కొరికి దవడ పగిలిన పందులు ఎన్ని పొదల్లో అలాగే చచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంకోవైపు ప్రభుత్వ అనుమతితో కాల్పులు కూడా పెరిగాయి. 2015 చివర్లో బిహార్‌లో మనుబోతుల్ని (నీల్‌గాయ్‌లను), అడవిపందుల్ని పంటలకు హాని చేసే జంతువులుగా ప్రకటించారు. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా మనుబోతుల్ని కాల్చారు, కాల్చిన జట్టు వెళ్ళింది హైదరాబాద్ నుంచే. 2022 మేలో కేరళ స్థానిక సంస్థల అధ్యక్షులకే అడవిపందుల్ని కాల్పించే అధికారం ఇచ్చింది, విషం, పేలుడు పదార్థాలు, కరెంటు వాడొద్దని షరతు పెట్టింది. తెలంగాణలోనూ కాల్పులకు అనుమతులు ఇచ్చారు. ఇలా జరిగిన ప్రతిచోటా వార్తల్లోకి వచ్చేది చంపిన లెక్కే. ఎన్ని తూటాలు పేలాయి, ఎన్ని జంతువులకు తగిలి దొరకలేదు అన్నది వినిపించదు.

ఆ లెక్క అడగడం పెద్ద పనేమీ కాదు. షూటర్ రోజూ రాసి ఇచ్చే కాగితంలో పేల్చిన తూటాలు, పడిన జంతువులు, తగిలి పోయినవి అని మూడు గడులు ఉండాలి. మూడో గడిలో అంకె ఉన్న రోజున మర్నాడు తెల్లవారగానే అటవీ సిబ్బందితో కలిసి జాడ పట్టి వెళ్ళాలి, ఆ పని ముగిసేదాకా అదే షూటర్ మరో జంతువు మీద తుపాకీ ఎత్తకూడదు. జాడ చదవడంలో నల్లమల చెంచులకు, గోదావరి తీరపు కోయలకు ఉన్న నేర్పు తరతరాలది. ఒకప్పుడు దొరల షికారులో చేతికర్రతో పొదల్లోకి దిగింది ఇలాంటి అడవి పల్లెల మనుషులే. ఇప్పుడు వాళ్ళను సరైన కూలీకి, బీమాతో, వెనక తుపాకీ కాపలాతో ఈ పనికి పెట్టుకోవాలి. అనుమతి ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందే ఈ ఖర్చు బడ్జెట్‌లో చూపించాలి.