మేపినవాళ్ళే కట్టేశారు: నార్స్ గేముల్లో తోడేలు గొడవ

నార్స్ (పాత స్కాండినేవియా) పురాణాల మీద గేమ్ వచ్చినప్పుడల్లా రాజుకునే వాదం మళ్ళీ మొదలైంది. మంచు అడవిలో కనిపించగానే మీద పడే తోడేళ్ళు ఆ పురాణానికి న్యాయం చేస్తున్నాయా? లోకి అనే మాయావి దేవుడి సంతానమే ఫెన్రిర్ అనే తోడేలనీ, లోకం అంతమయ్యే రాగ్నరోక్ నాడు అది దేవతల రాజు ఓడిన్‌ను మింగేస్తుందనీ గేమర్లందరికీ తెలుసు. అసలు చూడాల్సింది దాన్ని కట్టేసిన రోజు.

13వ శతాబ్దపు ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిన ఎడ్డా అనే పురాణ గ్రంథంలో ఆ ఘట్టం వివరంగా ఉంది. ఫెన్రిర్‌ను పెంచింది దేవతలే. దగ్గరికెళ్ళి మేత పెట్టే ధైర్యం మాత్రం వాళ్ళలో టీర్ ఒక్కడిదే. అది రోజురోజుకీ పెరిగిపోతుంటే, జోస్యాలకు భయపడి బంధించాలనుకున్నారు. మొదటి సంకెల లేడింగ్ ఒక్క విదిలింపుకే తెగింది. రెట్టింపు బలమున్న డ్రోమి కూడా ముక్కలైంది. అప్పుడు మరుగుజ్జులతో గ్లైప్నిర్ చేయించారు. పిల్లి అడుగుల చప్పుడు, ఆడవాళ్ళ గడ్డం, కొండ వేళ్ళు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి: ఈ ఆరింటితో నేసిన, పట్టు రిబ్బన్ లాంటి మెత్తని బంధం. ఆ మెత్తదనం చూసే ఫెన్రిర్‌కు అనుమానమొచ్చింది. ఎవరైనా నా నోట్లో చెయ్యి పెడితేనే కట్టించుకుంటానంది. టీర్ పెట్టాడు. తాడు బిగిసింది, దేవతలు నవ్వారు, టీర్ చెయ్యి పోయింది. తాడు కొసను బండరాతిలోంచి దూర్చి, ఆ బండను భూమిలో లోతుగా దించారు. నోరు మూసుకోకుండా దవడల మధ్య కత్తి నిలబెట్టారు, పిడి కింది చిగుళ్ళకు, మొన పైచిగుళ్ళకు ఆనేలా.

మాట తప్పింది ఎవరో ఈ కథలో దాపరికం లేదు. గేములు చాలావరకు దీన్ని వదిలేసి చివరి రోజు తెరిచిన నోటినే తీసుకున్నాయి. ఓడిన్ తన వంతు మాంసం మొత్తం గెరి, ఫ్రెకి అనే తోడేళ్ళకే పెడతాడన్న సంగతీ పక్కకు పోయింది.

డిజైనర్లకూ కారణాలున్నాయి. తోడేలుకు ఆయుధం, సంభాషణ అక్కర్లేదు. దాని యానిమేషన్ కుక్కకూ నక్కకూ పనికొస్తుంది. కొత్త ప్లేయర్‌కు తప్పుకోవడం నేర్పుతుంది. చిక్కు గుంపుతోనే. నాలుగు ఒకేసారి దూకితే కెమెరాకు అందనిది వెనక నుంచి కరుస్తుంది, ప్లేయర్‌కు అన్యాయంగా తోస్తుంది. అందుకే దాడికి టోకెన్లు పెడతారు: ఒకటో రెండో దూకుతాయి, మిగతావి చుట్టూ తిరుగుతాయి. ఎత్తు తక్కువ కాబట్టి కత్తి వేటు తల మీదుగా పోకుండా హిట్‌బాక్స్ (దెబ్బ తగిలినట్టు లెక్కేసే పరిధి) కాస్త పెద్దదిగా ఉంచాలి. ఇంత శ్రద్ధ పెట్టి కూడా, మనిషిని చూస్తే తప్పుకుపోయే జంతువును చివరి ప్రాణి దాకా పోరాడేలా రాస్తారు. సగం గుంపు పడిపోగానే మిగతావి పారిపోయేలా చేయడం పెద్ద కోడేమీ కాదు.

దారి మళ్ళింది మచ్చికతో. మైన్‌క్రాఫ్ట్‌లో 2011 నుంచీ ఎముక వేసి తోడేలును మచ్చిక చేసుకోవచ్చు, ఒక్కో ఎముకకూ మూడింట ఒక వంతు అవకాశం. 2022 నాటి గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్‌లో ఫెన్రిర్ హీరో కొడుకు అట్రియస్ చేతుల్లోనే ప్రాణం విడిచే పెంపుడు తోడేలు. పురాణానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది మాత్రం 2021లో వచ్చిన వాల్‌హైమ్. కొండల్లో తోడేలును గోతిలోకో కంచెలోకో రప్పించి, పచ్చి మాంసం వేసి, దాని కంట పడకుండా, అలాగని మరీ దూరం పోకుండా అరగంట కాచుకోవాలి. మిమ్మల్ని చూసి రెచ్చిపోయిందా, మచ్చిక ఆగిపోతుంది. ఆకలేసినా అంతే, మళ్ళీ మాంసం వెయ్యాలి. టీర్ రోజూ చేసిన పని అదే.