కనిపించని చుక్కకు గురి

రథసప్తమికి దేవుని కడపలో తేరు చూసి వస్తుంటే మా మేనకోడలు బెలూన్ల తుపాకీ దగ్గర ఆగిపోయింది. ఐదు గుండ్లు కొట్టింది. పేలింది ఒక్క బెలూన్. అదీ తాను అనుకున్నది కాదు, దాని కింది వరుసలోది. "సరిగ్గా బెలూన్‌కే పెట్టాను కదా మామయ్యా!" అంది చిన్నబుచ్చుకుని.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. జానెడు బెలూన్‌లో ఎక్కడ పెట్టినా కంటికి సరిగ్గా పెట్టినట్టే ఉంటుంది. ఈసారి బెలూన్లను వదిలేసి, పలక మీద ఒక మేకు తలకు గురి పెట్టమన్నాను. రెండు గుండ్లూ మేకుకు నాలుగు వేళ్ళ కింద, ఎడమ పక్కన, దాదాపు ఒకే చోట తగిలాయి. అంటే పిల్ల చేతిలో లోపం లేదు. తుపాకీ తప్పుగా కొడుతోంది, కానీ ప్రతిసారీ ఒకే తప్పు చేస్తోంది. మూడో గుండుకు, తనకు కావలసిన బెలూన్ మీద బల్బు వెలుగు చుక్కలా మెరిసే చోటు చూసుకుని, అక్కడి నుంచి నాలుగు వేళ్ళు పైకి, నాలుగు వేళ్ళు కుడికి జరిగింది. అక్కడ పక్క బెలూన్ ముడి ఉంది. ఆ ముడికి గురి పెట్టి కొడితే, కావలసిన బెలూన్ పేలింది.

గుండు తగలవలసిన చోటు, కన్ను నిలపవలసిన చోటు ఒకటే కానక్కరలేదు. గురి పెట్టే చోటును ఎంచుకునేటప్పుడు ఆలోచించవలసింది కంటి గురించి. కన్ను దేన్ని కచ్చితంగా పోల్చుకోగలదో అదే మంచి గురి.

పోటీల్లో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద నల్లని వృత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, దాని నడుమ ఉండే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్ గుండు, వ్యాసమే 4.5 మిల్లీమీటర్లు. మన కన్ను రెండు గీతలను విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య సుమారు ఒక కోణీయ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు ఎడం ఉండాలి. పది మీటర్ల దూరంలో అది దాదాపు 3 మిల్లీమీటర్లు. తుపాకీ సైట్లలోంచి, అంటే గురి చూసుకోవడానికి గొట్టం మీద ముందూ వెనుకా ఉండే భాగాల్లోంచి, చూసేవారికి ఆ పది చుక్క కనిపించదు. అయినా 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా చివరి షాట్‌కు 10.8 కొట్టి స్వర్ణం గెలిచాడు. ఫైనల్లో పాయింట్లను దశాంశాల్లో లెక్కిస్తారు; 10.8 అంటే పెల్లెట్ నడిబొడ్డు టార్గెట్ కేంద్రం నుంచి అర మిల్లీమీటరు దాటలేదన్నమాట. కనిపించని చుక్కను అంత కచ్చితంగా ఎలా కొట్టగలిగాడు?

ఇంటర్ చదివిన వాళ్ళందరికీ ప్రాక్టికల్స్‌లో వెర్నియర్ కాలిపర్స్ గుర్తుండే ఉంటుంది. పియెర్ వెర్నియర్ 1631లో ప్రకటించిన ఆ కొలబద్ద మన కంటికున్న ఒక ప్రత్యేక శక్తి మీద ఆధారపడుతుంది. రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా, వెంట్రుకవాసి పక్కకు జరిగాయా అన్నది కన్ను ఐదు నుంచి పది కోణీయ సెకన్ల (సెకను అంటే కోణీయ నిమిషంలో అరవయ్యో వంతు) తేడాతో పసిగడుతుంది. కంటి వెనుక రెటీనా పొరలో వెలుగును పట్టే కోన్ కణాల మధ్య ఎడం కన్నా ఇది సూక్ష్మం. పది మీటర్ల దగ్గర పది సెకన్లంటే సుమారు అర మిల్లీమీటరు. సరిగ్గా ఆ పది చుక్కంత! నాకు ఈ లెక్క మొదటిసారి తేలిన రోజు కాగితం ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎయిర్ రైఫిల్ ముందు సైటులో వలయం ఉండేది అందుకే. వెనుక సైటులోని మిల్లీమీటరు పాటి రంధ్రంలోంచి చూస్తే ఆ వలయం నడుమ టార్గెట్ నలుపు, రెంటి మధ్యా పళ్ళెం అంచులా తెలుపు కనిపిస్తాయి. షూటర్ చూడవలసింది ఆ తెలుపు చుట్టూ ఒకే మందంలో ఉందా అని. చూపు నిలవవలసింది ముందు వలయం మీద. టార్గెట్ కాస్త మసకబారినా ఫరవాలేదు. వలయం మరీ ఇరుకైతే తెలుపు సన్నని దారమై, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెగిపోతూ మనిషిని కంగారు పెడుతుంది. కొంచెం వదులైన వలయమే మేలని నా అభిప్రాయం.

వలయం లేని, వెనుక గాడీ ముందు కొయ్యా ఉండే మామూలు తుపాకీతో నేర్చుకునే రోజుల్లో నేను నలుపు నడిమధ్యకే గురి పెట్టేవాడిని. నల్ల కొయ్య నల్ల వృత్తంలో కలిసిపోయి, కొన ఎక్కడుందో తెలిసేది కాదు. చేలో గుంజ మీద దిష్టికుండ నిలిపినట్టు వృత్తాన్ని కొయ్య పైన నిలపడమే దానికి మందు. కుండ గుంజను తాకకుండా నడుమ సన్నని తెల్లగీత వదలాలి, ఎంత కిందికి గురి పెడుతున్నామో అంతా సైటులో సరిచేసుకోవాలి.

ఆ గీత ఎందుకంటే, మన కడప ఎండలో తెల్లకాగితం వెలుగు నలుపు అంచును కొంత మింగేస్తుంది. వృత్తం ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అంచుకు తాకించి గురి పెడితే, మబ్బు పట్టినప్పుడు ఒకచోట, ఎండ కాసినప్పుడు మరోచోట గుండ్లు తగలవచ్చు. గీత కాస్త వెడల్పుగా ఉంటే అంచు కొంచెం జరిగినా పోలిక చెడిపోదు. వలయంతో ఈ బాధ ఇంకా తక్కువ. నలుపు అన్ని వైపులా సమానంగా తగ్గుతుంది కాబట్టి కేంద్రం కదలదు.

ఒకసారి ఎంచుకున్న గురిని, గుండ్లు పక్కకు పోతున్నాయని మార్చకూడదు. గుండ్లన్నీ ఒక గుంపుగా ఎడమకు పడుతుంటే తిప్పవలసింది సైటు మరను. తిరునాళ్ళ తుపాకీకి ఆ మర లేదు కాబట్టే మా పిల్ల ముడిని వెతుక్కోవలసి వచ్చింది.

గురి ఎంత మంచిదైనా దాన్నే గుడ్లప్పగించి చూస్తే కన్ను మోసపోతుంది. కదలకుండా ఒకే చోట చూపు నిలిపితే చుట్టూ ఉన్నవి మెల్లగా చెరిగిపోతాయని స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ 1804లోనే గమనించాడు. ఎనిమిది, పది సెకన్లలో ట్రిగ్గర్ నొక్కలేకపోతే తుపాకీ దించి, రెప్పలార్చి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తడమే మంచిది.